పుట్ట చుట్టూ రెండు జీవులు: అలుగు, పుట్టగొడుగుల వర్గీకరణ చరిత్ర – సంరక్షణ స్థితి

వనపర్తి జిల్లాలోని పాన్‌గల్ పేరు చరిత్ర గ్రంథాలలో కోట కారణంగానే నిలిచింది. 15వ శతాబ్ది రెండవ దశకంలో ఫిరోజ్‌షా బహమనీ ఈ కోటను ముట్టడించడం, సుమారు రెండేళ్ల తరువాత విజయనగర సైన్యం చేతిలో ఓడి వెనుదిరగడం ఫెరిష్తా మొదలు ఆధునిక చరిత్రకారుల వరకు అందరూ ప్రస్తావించిన ఘట్టం. నల్లగొండ సమీపంలోని పానగల్లు వేరు, వనపర్తి నుండి కొల్లాపురం వైపు వెళ్లే దారిలోని ఈ పాన్‌గల్ వేరు. పేర్ల పోలిక వల్ల రెండింటినీ కలిపి చెప్పే పొరపాటు అప్పుడప్పుడు జరుగుతూ ఉంటుంది. కోట చరిత్ర ఇంత విస్తారంగా లిఖితమైనప్పటికీ, ఆ కోట గుట్ట దిగువన ఉన్న చిట్టడవి, చెరువు గట్లు, బీడు భూములు, ఆ బీళ్లలోని పుట్టల గురించి లిఖిత చరిత్ర దాదాపు మౌనంగానే ఉంది. అక్కడి జీవరాశి చరిత్రను వెదకవలసింది శాసనాలలో కాదు, జనం పెట్టిన పేర్లలో.

అటువంటి పేర్లలో రెండింటిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒకటి అలుగు, రెండవది పుట్టగొడుగు. మొదటిది జంతువు, రెండవది శిలీంధ్రం. ఒకదానికి ఒంటినిండా పొలుసులు, మరొకదానికి ఎముక గాని ఆకు గాని లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన నిలపడానికి ఆధారం పుట్ట. అలుగు పుట్టను తవ్వి చెదపురుగులను తింటుంది. పుట్టగొడుగు ఆ చెదపురుగులు లోపల పెంచే పంటకు పైకి వచ్చిన పువ్వు వంటిది. అయినా శాస్త్రం వీటిని వేర్వేరు రాజ్యాలలో ఉంచింది. అది సబబే. చట్టం మాత్రం ఒకదానికి అత్యున్నత రక్షణ కల్పించి, రెండవదానికి పేరైనా పెట్టలేదు. ఈ వ్యత్యాసం జీవుల స్థితిగతులలోని తేడా వల్ల మాత్రమే కలిగినదా, లేక వర్గీకరణ చరిత్ర మిగిల్చిన శేషమా అన్నది ఇక్కడి ప్రశ్న.

పేర్లు

తెలుగులో 'అలుగు' అనే రూపానికి అర్థాలు అనేకం. చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే కట్టడం అలుగు. బాణపు మొన, ఈటె మొన అలుగు. కోపించి మాట్లాడకుండా ఉండడం అలగడం. ఇన్నింటి మధ్య ఒక అడవి జంతువు పేరు కూడా అలుగే. శ్రీరంగాపురంలోని రంగసముద్రం వంటి పెద్ద చెరువులున్న వనపర్తి ప్రాంతంలో 'అలుగు' అనగానే వినేవారికి ముందుగా తోచేది చెరువే. జంతువుకు ఆ పేరు బాణపు మొనను పోలిన పొలుసుల వల్ల వచ్చిందని ఊహించడం సులభం. పొలుసుల ఆకారం ఆ ఊహకు అనుకూలంగానే ఉంది. కాని తమిళంలో ఇదే జంతువును 'అళుంగు' అనే దగ్గరి రూపంతో పిలుస్తారు. ఆయుధపు మొనకు తమిళంలో ఉన్న 'అలకు' వేరు మాట. దీనిని బట్టి తెలుగులో నేడు ఒకే రూపంలో కనబడుతున్నవి పూర్వం భిన్న ధాతువులై ఉండే అవకాశం బలంగా ఉంది. ధ్వని సామ్యాన్ని బట్టి అర్థ సంబంధాన్ని కల్పించడం జనవ్యుత్పత్తికి శోభ, నిఘంటువుకు ప్రమాదం.

'పుట్టగొడుగు' విషయంలో ఇటువంటి చిక్కు లేదు. పుట్ట మీద లేచిన గొడుగు అది. 'పుట్టకొక్కు' అనే మాటలోనూ పుట్టే ఉంది. 'కుక్కగొడుగు' అనే మరొక మాట కూడా వ్యవహారంలో ఉంది. జంతునామాన్ని ముందు చేర్చి నిమ్నతను లేదా నిరుపయోగాన్ని సూచించడం తెలుగు సస్యనామాలలో సాధారణం కనుక, తినదగిన దానిని పుట్టతోను, తినరానిదానిని కుక్కతోను చేర్చి చెప్పిన విభజన ఇందులో ఉన్నట్లు తోస్తుంది. అయితే నేటి పత్రికా భాషలో, పాఠ్యపుస్తకాలలో 'పుట్టగొడుగు' అనే మాట అర్థవ్యాకోచం చెంది, గడ్డి మీద పెంచేదానికీ, అంగడిలో పెట్టెలలో అమ్మే తెల్లటి బొత్తాము వంటి రకానికీ కూడా వర్తిస్తున్నది. పుట్టతో ఏ సంబంధమూ లేనిదానికి పుట్ట పేరు దక్కింది. పుట్ట మీదే మొలిచేదానికి మాత్రం ప్రత్యేకమైన పేరు లేకుండా పోయింది. 'అసలు పుట్టగొడుగు' అని ఈనాడు విశేషణం చేర్చి చెప్పవలసి రావడం ఇందుకు నిదర్శనం.

పుట్టను కట్టేది ఎవరు అన్న విషయంలోనూ తెలుగు సాహిత్యం ఒక వర్గీకరణ పొరపాటును తరతరాలుగా మోసుకొచ్చింది. సుమతీశతకకారుడు పుట్టను చీమలకు అప్పగించి, పాములను అందులో చేర్చాడు. ఆ పద్యం ఎరుగని తెలుగువారు అరుదు. నిజానికి మన బీళ్లలోని పెద్ద మట్టి పుట్టలను కట్టేవి చెదపురుగులు. దక్షిణ భారతంలో ప్రధానంగా ఒడాంటోటెర్మిస్ ప్రజాతికి చెందినవి. చీమలు తేనెటీగలకు, కందిరీగలకు బంధువులు. చెదపురుగులు బొద్దింకలకు బంధువులు. 2007లో వెలువడిన అణుస్థాయి పరిశోధన తరువాత చెదపురుగులకు ఉన్న ప్రత్యేక క్రమాన్ని కూడా తొలగించి బొద్దింకల క్రమంలోనే చేర్చారు. యూరోపీయులు సైతం చాలాకాలం వీటిని 'తెల్ల చీమలు' అనే పిలిచారు కనుక శతకకారుని తప్పు పట్టవలసిన పని లేదు. పైగా తొలకరికి పుట్ట నుండి రెక్కలతో వెలువడే ఉసిళ్లను ఏరి వేయించుకొని తినే గ్రామీణులకు, అవి చీమలు కావన్న సంగతి శాస్త్రం చెప్పనక్కరలేకుండానే తెలుసు.

ప్రాచీన విభజనలు

మనుస్మృతి మొదటి అధ్యాయంలో ప్రాణులను జరాయుజాలు, అండజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు అని నాలుగు విధాలుగా విభజించిన సంగతి ప్రసిద్ధం. ఈ లెక్కన అలుగు జరాయుజం. భూమిని చీల్చుకొని వచ్చే పుట్టగొడుగు ఉద్భిజ్జం, అంటే చెట్టు చేమలతో ఒక గుంపు. ఆ గ్రంథమే ఐదవ అధ్యాయంలో ఆహార నియమాలను చెబుతూ మరొక విభజన చేసింది. అక్కడ జంతువులకు కొలత గోళ్ల సంఖ్య. పంచనఖాలలో తినదగినవని చెప్పిన కొద్ది జంతువులలో శల్యకం ఒకటి. అది ఏదుపందా, మరొక జంతువా అన్న విషయంలో అర్థనిర్ణయం ఒకే తీరుగా లేదు. ఛత్రాకం మాత్రం నీరుల్లి, వెల్లుల్లిలతో పాటు ద్విజులకు నిషిద్ధమైన పట్టికలో చేరింది. గొడుగు ఆకారాన్ని బట్టి వచ్చిన ఛత్రాక శబ్దానికీ తెలుగు 'గొడుగు'కూ భావసామ్యం స్పష్టం. కాని సంస్కృత పదంలో పుట్ట లేదు.

ఆహార నియమం కన్న వైద్యం సూక్ష్మంగా చూసింది. సుశ్రుత సంహిత సూత్రస్థానం 46వ అధ్యాయంలో ఉద్భిద శాకాలను గడ్డి మీద, చెరకు పిప్పి మీద, పేడ మీద, వెదురు మీద, నేల మీద పుట్టేవిగా విడదీసి, ఒక్కొక్కదాని గుణాన్ని వేరుగా చెప్పింది. ఇది ఆశ్రయాన్ని బట్టి చేసిన వర్గీకరణ. ఏ వస్తువును కుళ్లబెట్టి బ్రతుకుతుందో దానిని బట్టి శిలీంధ్రాన్ని గుర్తించడం ఆధునిక శిలీంధ్రశాస్త్రంలో కూడా మొదటి మెట్టే. తెలుగు 'పుట్టగొడుగు' ఈ సంప్రదాయానికి చెందిన పేరు: రూపం, ఆశ్రయం రెండూ ఒకే సమాసంలో ఇమిడి ఉన్నాయి.

లినేయస్, కోనిగ్, ఆ తరువాత

ఆధునిక వర్గీకరణకు ఆద్యుడైన కార్ల్ లినేయస్ ఈ రెండు జీవులతోనూ ఇబ్బంది పడ్డాడు. 1758 నాటి 'సిస్టెమా నాచురే' పదవ ముద్రణలో అలుగును మానిస్ అనే ప్రజాతిగా ఏర్పరచి, బ్రూటా అనే క్రమంలో ఉంచాడు. ఆ క్రమంలో దాని తోటివి ఏనుగు, సముద్రపు ఆవు, స్లాత్, దక్షిణ అమెరికా చీమలమేత జంతువు. ముందరి పళ్ల అమరికను ప్రమాణంగా తీసుకున్నందువల్ల ఏనుగు, అలుగు ఒక ఇంటివయ్యాయి. సంచి జంతువులకు ఆనాటికి వేరే ఇల్లు లేదు. అమెరికా ఒపోసమ్‌ను అతడు పంది, ముళ్లపంది, చుంచెలుకలతో కలిపి బెస్టియే అనే క్రమంలో చేర్చాడు. మార్సూపియల్ అనే గుంపు పేరు 1811లో ఇల్లిగర్ పెట్టినది.

పుట్టగొడుగుల విషయంలో అతని తికమక ఇంకా ఎక్కువ. 1753 నాటి 'స్పీషీస్ ప్లాంటారమ్'లో వాటిని పుష్పించని మొక్కల తరగతిలో చివరి క్రమంగా ఉంచాడు. శిలీంధ్రాల సిద్ధబీజాలు నీటిలో సూక్ష్మ క్రిములుగా మారుతాయన్న వాదం అప్పట్లో వ్యాపించింది. దాని ప్రభావంతో 1767 నాటి పన్నెండవ ముద్రణలో క్రిముల తరగతి చివర 'కేయాస్' అనే ప్రజాతిని కల్పించి, అందులో ఒక జాతికి 'కేయాస్ ఫంగోరమ్' అని పేరుపెట్టాడు. ఒకే వ్యక్తి ఒకే జీవరాశిని ఒక గ్రంథంలో మొక్కలలోను, మరొకదానిలో క్రిములలోను ఉంచాడన్నమాట. ఆ ప్రజాతికి 'అయోమయం' అని పేరు పెట్టడంలో నిజాయితీ ఉంది.

లినేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడి డేనిష్ మిషనుకు వైద్యుడుగా వచ్చాడు. తరువాత ఆర్కాటు నవాబు కొలువులోను, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగాను పనిచేసి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో మరణించాడు. చివరి రోజులలో అతనికి తోడుగా ఉన్న విలియం రాక్స్‌బర్గ్ అప్పుడు సామర్లకోటలో వృక్ష పరిశోధనలో ఉన్నాడు. కోనిగ్ పేరు మొక్కల చరిత్రలో, ముఖ్యంగా కరివేపాకు శాస్త్రీయ నామంలో, స్థిరపడింది. ఇక్కడ అవసరమైనది మాత్రం చెదపురుగుల మీద అతడు జర్మన్‌లో వ్రాసి 1779లో ప్రచురించిన వ్యాసం. పుట్టలను తవ్వి చూసి, లోపలి గదులలో తేనెపట్టు వంటి మెత్తని నిర్మాణాలను, వాటి మీద తెల్లని చిన్న గుళికలను గమనించి, అవి పురుగుల పిల్లలకు ఆహారమని అతడు ఊహించాడు. చెదపురుగు, శిలీంధ్రాల బంధాన్ని వివరించిన తొలి శాస్త్రరచన అదే. ఆఫ్రికా పుట్టల గురించి స్మీత్‌మన్ వ్రాసిన సుప్రసిద్ధ వ్యాసం రెండేళ్ల తరువాతిది.

కోనిగ్ చూసిన నిర్మాణం ఎలా పనిచేస్తుందో తరువాతి పరిశోధన వివరించింది. శ్రామిక పురుగులు ఎండుటాకులను, కట్టెపేళ్లను తిని, అరగని నారను విసర్జించి ఆ పట్టును కడతాయి. దాని మీద శిలీంధ్రపు తంతుజాలం అల్లుకొని, పురుగుకు అరగని లిగ్నిన్‌ను విడగొట్టి ఆహారంగా మారుస్తుంది. ఈ సేద్యం సుమారు మూడు కోట్ల ఏళ్ల నాటిదని అంచనా. మనిషి వ్యవసాయం పది, పన్నెండు వేల ఏళ్లది. వానలు కురిసి నేల తడిసినప్పుడు పట్టు నుండి ఒక కాడ మట్టిని తొలుచుకుంటూ పైకి సాగి, వేరు వంటి పొడవైన తోకతో గొడుగు విప్పుతుంది. ఈ శిలీంధ్రాలకు టెర్మిటోమైసిస్ అనే ప్రజాతిని 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజె హైమ్ ఏర్పరచాడు. దక్షిణ భారతంలో లభించిన ఒక జాతికి 1979లో నటరాజన్ ఆ హైమ్ పేరు మీదనే టెర్మిటోమైసిస్ హైమియై అని నామకరణం చేశాడు. ఇదే ప్రజాతిలోని మైక్రోకార్పస్ అనే చిన్న రకం తీరు వేరు. పురుగులు పట్టు ముక్కలను బయటికి తెచ్చి పరచినచోట అది నేలమీద గుంపులు గుంపులుగా లేస్తుంది. ఏ ఒక్కదానినీ చెదపురుగుల సాయం లేకుండా వాణిజ్యస్థాయిలో పండించడం మనిషికి నేటికీ సాధ్యపడలేదు. అంగడి పుట్టగొడుగుకూ పుట్ట మీది పుట్టగొడుగుకూ ఉన్న అసలు తేడా ఇదే.

ఇక అలుగు. లినేయస్ తరువాత క్యువియే దానిని దంతరహితాల గుంపులో వేశాడు. పళ్లు లేకపోవడం బంధుత్వానికి గుర్తు కాదనీ, ఒకే రకం తిండికి అలవాటుపడిన భిన్న వంశాలకు విడివిడిగా కలిగిన మార్పు మాత్రమేననీ తేలడానికి శతాబ్దం పైగా పట్టింది. 1904లో వెబర్ దానిని ఫోలిడోటా అనే ప్రత్యేక క్రమంగా స్థిరపరచాడు. అణుస్థాయి పరిశోధనలు 2001 తరువాత ఈ క్రమానికి అతి దగ్గరి బంధువులు పిల్లి, కుక్క, ఎలుగు మొదలైన మాంసాహారులని చూపాయి. పొలుసులను చూసి చేపనో, ఉడుమునో తలచుకునే కంటికి ఇది నమ్మశక్యంగా ఉండదు.

తెలుగు పరిశోధకులు జాగ్రత్తపడవలసిన సంగతి ఒకటి ఇక్కడ ఉంది. జెర్డన్ 1867లో ప్రచురించిన భారతదేశ క్షీరదాల గ్రంథంలోను, బ్లాన్‌ఫోర్డ్ 1888–91 మధ్య వెలువరించిన సంపుటంలోను మన దేశపు అలుగును మానిస్ పెంటాడాక్టైలా అని పేర్కొన్నారు. నేడు ఆ పేరు చైనా అలుగుకు స్థిరపడింది. దక్కనులోని జంతువు పేరు మానిస్ క్రాసికాడేటా. 'లావు తోకది' అని అర్థం. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ దేశీయ నామాలను శ్రద్ధగా సేకరించినవాడు కనుక, ఆయన గ్రంథం నుండి తెలుగు పేరుతో పాటు శాస్త్రీయ నామాన్ని కూడా యథాతథంగా తీసుకుంటే, తెలంగాణలో లేని జంతువు తెలుగు నిఘంటువులోకి చేరుతుంది. 'పెంటాడాక్టైలా' అంటే ఐదు వేళ్లు కలది. మనువు పంచనఖాలకు, లినేయస్ పెట్టిన పేరుకు మధ్య సంబంధం ఏదీ లేకున్నా, గోళ్లను లెక్కపెట్టి జంతువును గుర్తించాలన్న ఆలోచన రెండు చోట్లా ఒకటే కావడం ఆసక్తికరం.

శిలీంధ్రాలు మొక్కల రాజ్యం నుండి బయటపడడానికి మరింత కాలం పట్టింది. 1821–32 మధ్య ఫ్రీస్ వాటి వర్గీకరణకు పునాది వేసినా, అది వృక్షశాస్త్రంలో భాగంగానే సాగింది. 1969లో విటేకర్ ఐదు రాజ్యాల పద్ధతిని ప్రతిపాదించి శిలీంధ్రాలకు ప్రత్యేక రాజ్యం ఇచ్చాడు. 1993లో బాల్డౌఫ్, పామర్‌ల ప్రోటీన్ పరిశోధన శిలీంధ్రాలు మొక్కల కన్న జంతువులకే దగ్గరి బంధువులని నిరూపించింది. పాన్‌గల్ బీటిలోని పుట్టగొడుగు, వంశవృక్షంలో, తన పక్కనున్న వేపచెట్టు కన్న తన పుట్టను తవ్వే అలుగుకే సమీపం. అంతర్జాతీయ నామకరణ నియమావళి పేరులో శిలీంధ్రాలకు చోటు 2011లో, మెల్బోర్న్ మహాసభ తరువాత మాత్రమే దక్కింది.

సంచి జంతువుల సాక్ష్యం

ఒకే తిండి భిన్న వంశాలను ఒకే పోలికకు తెస్తుందనడానికి ఆస్ట్రేలియాలోని నంబాట్ ఉత్తమ ఉదాహరణ. అది సంచి జంతువుల వంశానికి చెందినది, అయితే ఆడదానికి నిండైన సంచి లేదు. చెదపురుగులే దాని ఆహారం. పొడవైన ముట్టె, జిగురుతో సాగే నాలుక అలుగును గుర్తుచేస్తాయి. కాని రెండింటి వంశాలు పది కోట్ల ఏళ్ల కన్న చాలా ముందే విడిపోయాయి. వర్గీకరణలో అంత దూరమున్న ఈ రెండూ ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సమాఖ్య ఎర్ర పట్టికలో ఒకే స్థాయిలో, 'అపాయంలో ఉన్నవి' అనే వర్గంలో ఉన్నాయి. నంబాట్‌కు ప్రధాన శత్రువులు వలసపాలకులు తెచ్చిన నక్క, పిల్లి. అలుగుకు మనిషి.

మన చర్చకు ఇంకా దగ్గరిది గిల్బర్ట్ పోటరూ. అదీ ఆస్ట్రేలియా సంచి జంతువే. అంతరించిపోయిందని భావించిన తరువాత 1994లో పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలోని టూ పీపుల్స్ బే వద్ద మళ్లీ కనబడింది. దాని ఆహారంలో తొంభై శాతానికి పైగా నేలలోపల పెరిగే శిలీంధ్రాలే. అది వాటిని తవ్వి తిని, సిద్ధబీజాలను వ్యాపింపజేస్తుంది. ఆ శిలీంధ్రాలు అక్కడి చెట్ల వేళ్లకు పోషకాలు అందిస్తాయి. సంచి జంతువును 'తీవ్ర అపాయం' వర్గంలో చేర్చి, దీవికి తరలించి పెంచే ప్రయత్నం జరిగింది. అలా తరలించేటప్పుడు కొత్త చోట దానికి కావలసిన శిలీంధ్రాలు ఉన్నాయా అన్నది తప్పనిసరి ప్రశ్న అయింది. జంతువును కాపాడబోయి శిలీంధ్రాన్ని గుర్తించవలసి వచ్చింది.

రెండు స్థితులు

భారతీయ అలుగును ఎర్ర పట్టికలో 2008లో 'అపాయానికి సమీపం' అని, 2014లో 'అపాయంలో ఉన్నది' అని నిర్ణయించారు. 2019 మూల్యాంకనంలోనూ అదే కొనసాగింది. 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పంద సభ, అప్పటికి గుర్తించిన ఎనిమిది జాతుల అలుగులనూ మొదటి అనుబంధంలోకి మార్చి వాణిజ్యాన్ని నిషేధించింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు; పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. అయినప్పటికీ 2009–2017 మధ్య దేశంలో అక్రమ వాణిజ్యానికి గురైన అలుగుల సంఖ్య సుమారు 5,700 అని ట్రాఫిక్ సంస్థ లెక్క చెప్పింది. కారణం పొలుసులు. అవి మన గోళ్లలో ఉన్న కెరాటిన్‌తోనే తయారవుతాయి. వాటికి ఔషధగుణం ఉందన్న నమ్మకం తూర్పు ఆసియా విపణిని నడుపుతున్నది. బెదిరినప్పుడు బంతిలా చుట్టుకోవడం చిరుతపులి నోటి నుండి దానిని కాపాడుతుంది, మనిషికి మాత్రం సంచిలో వేసుకోవడానికి వీలు కల్పిస్తుంది. ఆడ అలుగు సాధారణంగా ఒక కాన్పులో ఒక పిల్లనే కని తోక మీద మోసుకు తిరుగుతుంది కనుక, పోయిన సంఖ్య తిరిగి రావడం కష్టం.

పుట్టగొడుగు విషయానికి వస్తే, ఇంతవరకు శాస్త్రం వర్ణించిన శిలీంధ్ర జాతులు సుమారు ఒకటిన్నర లక్ష. వాటిలో ఎర్ర పట్టికకోసం మూల్యాంకనం జరిగినవి 2025 మార్చి నాటికి 1,300 మాత్రమే. అందులో కనీసం 411 అంతరించే ముప్పులో ఉన్నట్లు తేలింది. మిగిలినవి క్షేమంగా ఉన్నాయని దీని అర్థం కాదు. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదని మాత్రమే అర్థం. దీనికి ఒక శాస్త్రీయ కారణం కూడా చూపుతారు. ఎర్ర పట్టిక ప్రమాణాలు ఈడొచ్చిన జీవుల సంఖ్యను అడుగుతాయి. శిలీంధ్రం అసలు శరీరం కంటికి కనబడని తంతుజాలం. గొడుగు దాని ఫలం. ఫలాలను లెక్కపెట్టి చెట్ల సంఖ్య చెప్పడం ఎలా కుదరదో ఇదీ అంతే.

ఈ ఇబ్బందికి పుట్టగొడుగు మినహాయింపు కాగల అవకాశం ఉంది. ఆఫ్రికా పుట్టలలో జరిగిన పరిశోధన ఒక్కొక్క పుట్టలో ఒకే శిలీంధ్ర వంశం పెరుగుతుందని చూపింది. మన పుట్టలలోనూ అది నిలిస్తే, సజీవమైన పుట్ట ఒకటి అంటే శిలీంధ్ర వ్యక్తి ఒకటి. పుట్ట కదలదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఏ పుట్ట మీద ఏ కార్తెలో గొడుగులు లేస్తాయో పశువుల కాపరులకు, కూలి స్త్రీలకు తెలుసు. ఇంతటి సులభమైన గణన ఇతర శిలీంధ్రాలకు సాధ్యం కాదు. గొడుగు పేరులోనే లెక్కించవలసిన వస్తువు పేరు ఉంది. తెలుగు సమాసం చెప్పిన దానిని గణన పద్ధతులు ఇంకా అందుకోలేదు.

చట్టంలో పుట్టగొడుగు ఎక్కడ ఉంది అని వెదికితే, శాస్త్ర చరిత్రలోని పాత పొరలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని నిర్వచనం జంతువులను, ఆవాసంలో భాగమైన నేల మీది, నీటిలోని వృక్షజాలాన్ని పేర్కొంటుంది. 1991 సవరణ ఆరు రకాల మొక్కలకు ఒక షెడ్యూలు కేటాయించింది; 2022 సవరణ షెడ్యూళ్లను మార్చింది. వీటిలో శిలీంధ్ర రాజ్యం అనే మాట లేదు. పుట్టగొడుగు ఈ చట్టంలోకి రావాలంటే వృక్షజాలంగానే రావాలి, అంటే 1753 నాటి లినేయస్ అభిప్రాయాన్ని అంగీకరించాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం జీవ వనరులను మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులు అని విభజించింది. అరచేయంత గొడుగును సూక్ష్మజీవి అనడం ఎవరికైనా వింతగా తోచినా, మొక్క కానిదానికి అక్కడ మిగిలిన గది అదొక్కటే.

ఇది పదాల పట్టింపు మాత్రమే అయితే పరిశోధన పత్రంలో చెప్పి వదిలేయవచ్చు. పుట్టగొడుగులను ఏరే మనుషుల దగ్గరికి వచ్చినప్పుడు దాని బరువు తెలుస్తుంది. పాన్‌గల్‌కు తూర్పున, కొల్లాపురం దాటి కృష్ణ వెంట విస్తరించిన నల్లమలలో చెంచులు ఉన్నారు. హైమెన్‌డార్ఫ్ 1940లో అమరాబాదు పీఠభూమిలో వారి మధ్య గడిపి, 1943లో ప్రచురించిన గ్రంథం వారి జీవనాన్ని సేకరణ మీద, ముఖ్యంగా దుంపలు, పండ్ల మీద ఆధారపడినదిగా వర్ణించింది. ఆ ప్రాంతంలో నేడు అమరాబాదు పులుల అభయారణ్యం ఉంది. కేంద్ర, పరిధి ప్రాంతాలు కలిపి 2,611 చదరపు కిలోమీటర్లు. అక్కడ అలుగును తాకడం నేరం, అది ఉచితమే. సేకరణ హక్కు మాత్రం 2006 నాటి అటవీ హక్కుల చట్టం మీద ఆధారపడుతుంది. ఆ చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులను 'వృక్షమూలమైనవి' అని నిర్వచించి, వెదురు, తునికాకు, ఔషధ మొక్కలు, వేళ్లు, దుంపలతో పాటు తేనెను, మైనాన్ని, లక్కను, పట్టుగూళ్లను కూడా అందులో చేర్చింది. తేనె కీటకం చేసినది. లక్క కీటకం స్రవించినది. శాస్త్రం ప్రకారం ఇవి వృక్షమూలమైనవి కావని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, చెప్పనక్కరా లేదు; ఏరుకునేవారి జీవితంలో ఇవన్నీ ఒకే బుట్టలో చేరతాయని చట్టం గుర్తించింది. అదే బుట్టలో తొలకరి తరువాత చేరే పుట్టగొడుగు పేరు మాత్రం ఆ పట్టికలో లేదు. దుంపల తరువాత ఉన్న 'మొదలైనవి' అనే మాటలో అది ఇమిడి ఉందని వాదించాలి.

మైదానంలో ఆ వాదం కూడా లేదు. పాన్‌గల్ వంటి చోట్ల పుట్టలు అధికంగా ఉండేది అభయారణ్యంలో కాదు. బీళ్లలో, పొలం గట్ల మీద, గుట్టల అంచులలో. నాగులచవితి నాడు పాలు పోసే పుట్టను ఎవరూ తాకరు. పూజ లేని పుట్టను చదును చేయడానికి ట్రాక్టరుకు ఒక ఉదయం చాలు. పుట్ట పోయినప్పుడు రాణి పురుగు, దాని సంతతి, అవి పెంచిన శిలీంధ్రం ఒకేసారి పోతాయి. ఆ చుట్టుపక్కల తిరిగే అలుగు ఉంటే దాని తిండి పోతుంది. మొదటి షెడ్యూలు జంతువు ఆహారాన్ని తొలగించడం జంతువును చంపడం కాదు కనుక అది నేరం కాదు. ఆవాసాన్ని చట్టం 'వన్యజంతువుకు సహజ నివాసమైన భూమి, నీరు, వృక్షజాలం' అని నిర్వచించింది. పుట్ట వీటిలో భూమి కిందకు వస్తుంది.